పెరటి మూల గంగపాయలాకు

ఇంద్రేశం,
భాద్రపద మాసం, శనివారం పొద్దున.

చిరంజీవి సౌభాగ్యవతి రమ్యశ్రీకి,

అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమం. నా మోకాలు నొప్పి, ఆయన షుగరు ఎక్కడివక్కడే ఉన్నాయి, పెరగలేదు, తరగలేదు. అక్కడ నువ్వూ, అల్లుడు వెంకట సాయీ కులాసాగా ఉన్నారనీ, వేళకు తింటున్నారనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటమ్మా అని పోస్టుమాన్ నవ్వుతున్నాడు. నవ్వితే నవ్వనీ. ఫోన్లో నీ గొంతు వినగానే నాకు ఏడుపొస్తుంది, నేను ఏడిస్తే నువ్వు పెట్టేస్తావు. కాగితమైతే ఇద్దరం చెప్పదలచుకున్నది చివరిదాకా చెప్పుకోవచ్చు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. బోరులో నీళ్ళు ఉన్నాయి, కానీ వంటకూ తాగడానికీ డబ్బా నీళ్ళే కొంటున్నాం. మబ్బు పట్టినప్పుడు ఫ్యాక్టరీల వాసన వస్తూనే ఉంది, కిటికీలు మూసుకుని కూర్చుంటాం. వెనక ప్లాటు ఇంకా ఖాళీగానే ఉంది, కాబట్టి మన వెనక గోడ కూడా సగంలోనే ఆగి ఉంది. ఇక పచ్చడి. వెంకట సాయి ఆఫీసు పనిమీద వచ్చినప్పుడు పంపిన సీసా నీకు నచ్చిందని, ఏడాది తర్వాత మొదటిసారి మారు అన్నం పెట్టించుకున్నానని రాశావు. ఆ మాట మీ నాన్నకు చదివి వినిపించాను. ఆయన పేపరు మడిచి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ ఆకు ఏమిటని అడిగావు కదా, గంగపాయలాకు. ఇక్కడివాళ్ళు గంగవాయిలి కూర అంటారు. మన పెరట్లో దానంతటదే మొలిచింది. దాని సంగతి కొంచెం ఆగి చెబుతాను.

చివర్న రెండు ప్రశ్నలు అడిగావు. పాపను ఎక్కడ పెట్టారు? దాని మొహం ఎవరైనా చూశారా? ఈ రెండూ తెలిస్తేగాని ఈ ఇంటి గడప తొక్కనని రాశావు. నీ కోపం న్యాయమే. పురిటికని పుట్టింటికి వచ్చి వట్టి చేతులతో వెళ్ళినదానివి. కానీ తల్లీ, ఆ జవాబులు నాకూ తెలియవు. ఆ రోజు నువ్వు మత్తులో ఉన్నావు, నేను నీ మంచం వదిలి కదల్లేదు. నర్సు గుడ్డలో చుట్టి మీ నాన్న చేతిలో పెట్టింది. ఆయన వెళ్ళారు, సాయంత్రానికి తల తడుపుకుని, ఒంటిమీద చొక్కా లేకుండా, తువ్వాలు కప్పుకుని వచ్చారు. "అయిపోయింది" అన్నారు. ఆడవాళ్ళు అడగకూడదట, మగవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదట. తర్వాత ఎన్నిసార్లు అడిగినా "ఆడవాళ్ళకెందుకవన్నీ" అని లేచి వెళ్ళిపోయేవారు. నీకు ఏదో ఒక ఊరి పేరు రాసెయ్యాలని కూడా అనిపించింది నాకు. చెయ్యి రాలేదు.

ఇప్పుడు తెలిసింది. ఎలా తెలిసిందో మొదటినుంచీ చెప్పకపోతే నువ్వు నమ్మవు, కాబట్టి ఓపికగా చదువు. ముందే ఆఖరి పేజీ తిప్పి చూసే అలవాటు నీకు ఉంది. ఈసారికి మానుకో.

మనకు పాలు పోసే కౌసల్యమ్మ నీకు తెలుసు కదా. వాళ్ళ చేను మొన్నటి వేసవిలో అమ్ముడుపోయింది. అక్కడ ఏదో కంపెనీ గోదాము కడుతున్నారు. జేసీబీ వచ్చిన రోజుల్లోనే ఆవిడ మనకు ట్రాక్టరులో కాస్త మట్టి పంపించింది. "పూల చెట్లకు మంచిగుంటదమ్మా, మా చేను మన్ను" అంది. నాకు సంతోషమే. మన పెరటిది వట్టి మొరం, అందులో ఏం పెరుగుతుంది? కానీ మట్టి తెచ్చిన వాళ్ళ అబ్బాయి మహేష్ ట్రాక్టరు ఎత్తి కుమ్మరించకుండా, తట్టతో మెల్లిగా మోసి, గోడ పక్క మూలలో పోశాడు. ఎండలో అంత అవస్థ ఎందుకయ్యా అంటే, "అమ్మ గట్లనే పొయ్యిమన్నది" అన్నాడు. తల్లీ కొడుకులకు చాదస్తం ఎక్కువనుకుని మజ్జిగ ఇచ్చి ఊరుకున్నాను.

వానలు పడ్డాయి. పెరడంతా కలుపు లేచింది. గరిక, ఉత్తరేణి, గడ్డి చామంతి, ఒళ్ళంతా దురద పెట్టే ఆ వయ్యారిభామ. కలుపు కనబడితే నా చెయ్యి ఊరుకోదని నీకు తెలుసు, స్టూలు వేసుకుని కూర్చున్నాను. మిగతా చోట్ల చెదురుమదురుగా ఉంది గానీ ఆ మూలలో మాత్రం ఒక్క గంగపాయలే, నేల కనిపించనంత దట్టంగా ఉంది. చేటంత మేర. అంచుల దగ్గర ఎవరో గీత గీసినట్టు ఆగిపోయింది. మధ్యలో పది రోజులు వాన మొహం చాటేసి గరిక సైతం ఎండిపోయింది. ఇది మాత్రం ఎండలేదు. కింద చెయ్యి పెడితే మట్టి చల్లగా తగిలింది. పొద్దున ఎండ గోడ దాటి పడగానే చిన్నచిన్న పసుప్పచ్చ పువ్వులు విచ్చుకునేవి, మధ్యాహ్నానికల్లా ముడుచుకునేవి.

పీకి పారేద్దామని ఒక గుప్పెడు లాగాను. చేతివేళ్ళు వాసన చూసుకుంటే పాల వాసన వచ్చింది. కాచిన పాలు కాదు, పచ్చిపాలు. పొద్దున పాలు పోయించుకున్న చెయ్యి కడుక్కోలేదేమోననుకుని సబ్బు పెట్టి తోముకున్నాను. మళ్ళీ ముట్టుకుంటే మళ్ళీ అదే వాసన. భయమేమీ వెయ్యలేదు అప్పుడు. మా అమ్మ ఈ ఆకుతో పప్పు చేసేదని గుర్తొచ్చి, పారేసే బదులు చిగుళ్ళు గిల్లి వండాను. పుల్లపుల్లగా ఎంత బాగుందో! మర్నాడు చూస్తే గిల్లిన చోటు తెలియనే లేదు.

ఆ ఆకు చుట్టూ వెలితిగా ఉందని బంతి నారు నాటాను. మర్నాడు మీ నాన్న కంపెనీ బస్సు ఎక్కి వెళ్ళాక, స్నానం, పూజ ముగించుకుని వచ్చి చూస్తే మొక్కలన్నీ పీకి ఉన్నాయి. మేక తిన్నట్టూ లేదు, కోతులు లాగినట్టూ లేదు. వేళ్ళు తెగకుండా తీసి, మట్టి దులిపి, గోడవారగా వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. కలుపు మాత్రం కలుపులాగే ఉంది. మంచి మొక్కలు తీసి కలుపు ఉంచే దొంగ ఎవరు చెప్పు? మళ్ళీ నాటాను. మళ్ళీ పీకేశారు.

ఆ తర్వాత ఇంకోటి మొదలైంది. బట్టలుతికే బండమీద అప్పుడప్పుడు గంగపాయలాకు కట్ట ఉండేది. వేళ్ళు కడిగి, పండుటాకు ఏరి, ఒక గడ్డిపోచతో కట్టి. గేటుకు గడియ పెట్టే ఉంటుంది. మీ నాన్నతో అంటే, "నీ తోట దయ్యానికి నీకంటే పని బాగా వచ్చినట్టుంది హైమా" అని నవ్వారు. ఒళ్ళు మండింది నాకు. ఆ మాట నవ్వులాటకే అన్నారు గానీ, ఆ రోజు నుంచీ వెనక తలుపు తియ్యాలంటే ముందు కిటికీలోంచి చూసుకునేదాన్ని.

పట్టపగలు పదింటికి మన వీధి ఎలా ఉంటుందో నీకు తెలుసు. మగవాళ్ళంతా షిఫ్టులకు, పిల్లలు బళ్ళకు వెళ్ళిపోయాక మనిషి అలికిడి ఉండదు. అలాంటి వేళ ఒక రోజు పూజ గదిలో కూర్చుంటే పెరట్లోంచి మాటలు వినిపించాయి. ఆడగొంతు. చంటిపిల్లకు నలుగు పెడుతూ మాట్లాడతామే, ఆ తీరు. మధ్యలో చిన్నగా నవ్వు. వంటింటి కిటికీలోంచి చూస్తే ఆ మూలలో ఒక మనిషి, నెత్తిన కొంగు కప్పుకుని, నాకు వీపు పెట్టి గొంతుక్కూర్చుని ఉంది. చేత్తో నేలను మెల్లిగా తడుతోంది. నేను గడియ తీసేసరికి ఎవరూ లేరు. మట్టి తడిగా ఉంది, బండమీద కట్ట ఉంది. ఆ కట్టనే నేను నూనెలో వేయించి, చింతపండు వేసి రుబ్బి, నీకు సీసాలో పెట్టి పంపాను. భయపడుతూనే ఎందుకు వండావంటావేమో. ఎందుకో తెలియదమ్మా. పారెయ్యడానికి మనసు ఒప్పలేదు.

మీ నాన్న నా అవస్థ చూసి, పెరడంతా టైల్స్ వేయించేస్తాను, కలుపూ ఉండదు, నీ భయమూ ఉండదు అన్నారు. టైల్స్ దింపించారు కూడా. సోమవారం మేస్త్రీ వస్తాడనగా, పని సులువవుతుందని నేను ఆ మూల అంచున ఉత్తరేణి లాగుతున్నాను. వేళ్ళతోపాటు ఒక బొత్తాం బయటికి వచ్చింది.

నీలం బొత్తాం, నాలుగు బెజ్జాలది. మీ నాన్న కంపెనీ చొక్కాది. అలాంటివి ఈ చుట్టుపక్కల వేలమందికి ఉంటాయి నిజమే. కానీ దానికి నల్లదారం పట్టుకుని ఉంది. నీలం దారం అయిపోయి, నల్లదారంతో, ఊడకుండా ముడిమీద ముడి వేసి కుట్టింది నేను. నా కుట్టు నాకు తెలియదా? ఆ చొక్కా ఏదని అడిగితే పారేశానన్నారు మీ నాన్న. నువ్వు ఆస్పత్రిలో ఉన్న రోజుల్లోనే. ఆ రోజు ఒంటిమీద చొక్కా లేకుండా ఎందుకు వచ్చారో నేను అప్పుడు అడగనే లేదు. బొత్తాం కొంగున ముడి వేసుకున్నాను.

ఆయనకు చెప్పలేదు. మర్నాడు ఆయన వెళ్ళగానే పూజ గదిలో దీపం పెట్టి, గంట కొట్టి, చప్పుడు కాకుండా వచ్చి పెరటి బాత్రూంలో నిలబడ్డాను. సగం గోడ మీదుగా ఖాళీ ప్లాటులోంచి ఎక్కి దిగింది మనిషి. చెంబుతో నీళ్ళు తెచ్చుకుంది. ఆ మూలలో కూర్చుని, ఆకుల మీద చెయ్యి వేసి, "లేసినవా బిడ్డా? ఎండ ముక్కు మీదికొచ్చింది, ఇంక పండుకుంటున్నవా?" అంది. ఆ మాటకు అప్పుడే విచ్చుకున్న పువ్వులు కదిలాయి. గాలి లేదు. ఉందేమో, నాకు తెలియలేదేమో. ఒట్టు వెయ్యమంటే వెయ్యలేను గానీ, కదలడం చూశాను.

అది కౌసల్యమ్మ గొంతు.

బయటికి వచ్చి బొత్తాం చూపించాను. ఆవిడ దడుసుకోలేదు. కొంగు నెత్తిమీంచి తీసి, "ఎన్నడో ఓనాడు అడుగుతవని ఎరుకే" అంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"గా దినం మీ సారును మా మహేషే ఆటోల తీస్కపోయిండు. ఊరి బొందలగడ్డ కాడ అడ్డం వడ్డరు. లేఅవుట్లోళ్లకు ఈడ జాగ లేదన్నరు. మీ సారు బిడ్డను సేతులల్ల వట్టుకొని తొవ్వ మీద నిలవడ్డడంట. ఎటు పోవాలె పాపం? మహేష్ నాకు ఫోన్ జేసిండు. మన చేన్లకు తీస్కరా అన్న. మా అత్త సమాధి పక్కపొంటి పెట్టినం. సలి పెడ్తదని మీ సారు తన అంగీ ఇడిసి సుట్టిండు."

"మరి చేను పోయింది కదా కౌసల్యమ్మా" అన్నాను.

"పోయింది. జేసీబీ అచ్చేటప్పటికి మా అత్తను, మామను మావోళ్ళు తీసి వేరే కాడ పెట్టుకున్నరు. ఈ బిడ్డకు ఎవలున్నరు సెప్పు? గోదాము కింద వడిపోతదా? నేనే సేతులతోని తవ్విన. ఏమున్నదమ్మా, అంత మన్నే అయింది. గా మన్ను జెర కూడ ఇడువకుండ ఎత్తుకచ్చిన. సెప్తే మీరు పరేషాన్ అయితరు, ఇల్లు ఇడిసి పోతరని సెప్పలే. నువ్వేమో బంతి చెట్లు వెడ్తానని గునపం వట్టుకుంటివి. తవ్వద్దని పీకేసిన."

"ఈ మూలకే ఎందుకు?"

ఆవిడ చెంబులో మిగిలిన నీళ్ళు ఆకుల మీద చిలకరించింది. "నీ బిడ్డ ఈడ నిలవడే కదమ్మా పాలు విండి పారవోసింది. నేను పాలు పొయ్య అచ్చినప్పుడు సూసిన. రోజూ ఈ గోడకు మొఖం వెట్టుకొని పిండుకుంటుండె. ఎవలి పాలు వాళ్ళకు ముట్టాలె. అందుకే ఈడికే తెచ్చిన."

రమ్యా, నువ్వు అలా చేసేదానివని నాకు తెలుసు. నీ గదిలోంచి పెరట్లోకి వెళ్ళినప్పుడల్లా నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ ఉండేదాన్ని, నువ్వు ఏడ్చేది నాకు వినబడలేదని నువ్వు అనుకోవాలని. ఇంకెవరూ చూడలేదనుకున్నాను.

నీ మొదటి ప్రశ్నకు జవాబు అది. పాప మనింట్లోనే ఉంది. పెరటి మూలలో, నువ్వు నిలబడ్డ చోట.

ఇక చెప్పడానికి నోరు రాని మాట ఒకటి ఉంది. ఈ సంగతి తెలిసి వారం దాటింది, దీనికోసమే ఉత్తరం ఆలస్యమైంది. నువ్వు మారు అన్నం పెట్టించుకుని తిన్న పచ్చడి ఆ ఆకుతో చేసిందే. ఆ మట్టిలోంచి వచ్చిందే. నేనూ మీ నాన్నా వానాకాలమంతా పప్పులో, పులుసులో తిన్నాం. ఆ మాట తలపుకు రాగానే నేను కుళాయి దగ్గరికి పరుగెత్తి కక్కుకున్నాను. కౌసల్యమ్మ వచ్చి నా వీపు నిమిరింది. నిమురుతూనే కోప్పడింది.

"ఏందమ్మా గట్ల జేస్తవు? మా చేన్ల మా అత్త లేదా, మామ లేడా? నా తొల్సూరి పిలగాడు లేడా? గా చేన్ల జొన్నలే గాదా మేం తిన్నది, మా మహేషును సాదింది? ఎన్నడన్న కక్కినమా? నీ మనుమరాలు పెట్టిన కూరమ్మా అది. తినాలె. పారేస్తే గోస వడ్తది."

ఆవిడకు తొలిచూలు బిడ్డ పోయాడని ఇన్నేళ్ళలో నాకు తెలియనే తెలియదు. రోజూ పాలు కొలిచి పోసి వెళ్ళే మనిషిని నేను ఎన్నడూ ఆ మాట అడగలేదు. మనవైపు చనిపోయినవాళ్ళను ఊరవతల సాగనంపి, తలంటుకుని, ఇల్లు కడుక్కుంటాం. వీళ్ళు వాళ్ళను మధ్యలో ఉంచుకునే దున్నుకుంటారు, విత్తుకుంటారు, కోసుకుంటారు. ఏది సరో నాకు తెలియదు. ఆ రోజు మాత్రం నేను కౌసల్యమ్మను పట్టుకుని ఏడ్చాను. సీసాలో పచ్చడి మిగిలి ఉంటే తినడమో మానడమో నీ ఇష్టం. నేను తప్పు చేశానని నీకు అనిపిస్తే తిట్టు, పడతాను.

మీ నాన్నకు మర్నాడు పొద్దున చెప్పాను. ఆయన కంపెనీ బట్టలు వేసుకుని బూట్లు కట్టుకుంటున్నారు. బొత్తాం తెచ్చి ఎదురుగా పెట్టి, జరిగిందంతా చెప్పాను. దాన్ని అరచేతిలోకి తీసుకున్నారు. "గోదాము కిందికి పోయిందనుకున్నాను హైమా. బస్సు అటుగా వెళ్ళినప్పుడల్లా ఇవతలి కిటికీ వైపు తిరిగి కూర్చునేవాణ్ణి. పిల్ల అడిగితే ఏమని చెప్పను?" అన్నారు. బయట బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది. ఆయన బూట్లు విప్పేశారు.

కాసేపటికి ఆయనకు ఉన్న భయాలన్నీ మొదలయ్యాయి. ఇంటి ఆవరణలో ఉండొచ్చా, పంతులుగారిని అడగాలేమో, శాంతి చేయించాలేమో అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఊరి శ్మశానం దగ్గర అడిగారుగా, ఏం చెప్పారు? ఇంకెవరినీ అడగక్కర్లేదు. అడిగితే దాన్ని కన్న తల్లిని అడుగుదాం" అన్నాను. మేస్త్రీకి రావద్దని ఆయనే ఫోన్ చేశారు. కాబట్టి ఇప్పుడు నువ్వు చెప్పాలి. అక్కడే ఉంచమంటే ఉంచుతాం, ఇంకెక్కడికైనా తీసుకెళ్ళమంటే తీసుకెళతాం. నువ్వు చెప్పేదాకా ఆ మూలలో గునపం పడదు. నేను కూడా ఇప్పుడు అక్కడ కలుపు పీకడం లేదు. ఏది కలుపో నాకు తెలుసని ఇంతకాలం గట్టిగా నమ్మాను, ఇప్పుడు ఆ నమ్మకం పోయింది.

ఇంక నీ రెండో ప్రశ్న మిగిలింది. ఆయన్ను నేను అడగలేదు. చెప్పులు లేకుండా పెరట్లోకి వెళ్ళి, ఆ చేటంత మేర పక్కన కూర్చున్నారు. ఎండ గోడ దాటి వచ్చింది, పువ్వులు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. నావైపు చూడకుండా ఆయనే చెప్పారు.

"చూశాను హైమా. ఆటోలో గుడ్డ తీసి చూశాను. ముక్కు వెంకట సాయిది. కుడి చెవి మాత్రం మన రమ్యదే, పైన మడత పడి ఉంది. వేలితో తిన్నగా చేశాను. వదలగానే మళ్ళీ మడిచేసుకుంది."

ఇట్లు,
మీ అమ్మ
హైమావతి